కిటికీ పక్క సీటు

బస్సు డ్రైవరుగా చేరిన నాటి నుంచీ ఆయన సరదా కోసం ఒక్క సెలవూ పెట్టలేదు. ఈసారి భార్య పోరి పోరి పెట్టించింది. "అమ్మ, తమ్ముడు, మనిద్దరం. నాలుగు రోజులు కొండ మీద చల్లగా ఉండొద్దాం. మీరు కాలు మీద కాలేసుకుని కూర్చోండి, ఏర్పాట్లన్నీ తమ్ముడు చూసుకుంటాడు" అంది.

తమ్ముడు చూసుకున్నాడు. కొండ కింద రైలు దిగేసరికి అద్దె వ్యాను సిద్ధంగా ఉంది. డ్రైవరే లేడు.

"ఏడీ?" అన్నాడాయన.

బావమరిది తాళాలు ఆయన చేతిలో పెట్టి ఇకిలించాడు. "నువ్వుండగా బయటివాడెందుకు బావా!"

ఒళ్ళు మండిపోయింది. అత్తగారి ముందు నోరెత్తలేక స్టీరింగు పట్టుకున్నాడు.

మలుపు మీద మలుపు. వెనక "అబ్బ, ఆ లోయ చూడు! మబ్బులు మనకన్నా కింద!" అని ఒకటే కేకలు. ఆయనకి కనబడిందల్లా ఎదురొచ్చే లారీల మూతులు.

"నెమ్మదిగా బావా, ఫోటోలు కదిలిపోతున్నాయి."

"కాస్త చూసి తిప్పు బాబూ, కడుపులో తిప్పుతోంది" అంది అత్తగారు.

లోయ బాగా కనబడే చోట అందరూ దిగారు. ఆయన రెయిలింగు దాకా వెళ్ళాడో లేదో, వెనక నుంచి కేక. "బావా, నువ్వు బండి దగ్గరే ఉండు! సామాన్లున్నాయి!"

అంతే, గిర్రున తిరిగాడు.

"నీకూ నీ బండికీ ఓ దండంరా! జనాన్ని మొయ్యడానికి నాకు ఊళ్ళో ఉద్యోగముంది. ఇక్కడికి నేనూ ఓ మనిషిననుకుని వచ్చాను." తాళాలు బానెట్ మీద విసిరాడు. "టీకొట్టు దగ్గర డ్రైవర్లు ఖాళీగా కూర్చున్నారు, పోయి బతిమాలుకో."

"ఇంత చిన్న విషయానికి..."

"చిన్నదైతే నువ్వే తోలు!"

సర్దిచెప్పవే అన్నట్టు అత్తగారు కూతురి వంక చూసింది. ఆవిడ తన సంచి భుజాన తగిలించుకుంది. "ఆయనకి విశ్రాంతని చెప్పి తీసుకొచ్చాన్రా. నన్ను అబద్ధాలకోరుని చేశావు" అని మొగుడి వెనకే నడిచింది.

పైకి పోయే బస్సెక్కారు. కిటికీ పక్క ఆయనే కూర్చున్నాడు. లోయంతా పచ్చగా, మధ్య మధ్య మంచు. ఆయన చూస్తూనే చిటపటలాడుతున్నాడు. "కాపలా కుక్కననుకున్నాడా!" మలుపొచ్చినప్పుడల్లా కుడికాలు దానంతటదే కిందికి నొక్కుతోంది.

"ఏవండీ, అది బ్రేకు కాదు, నా పాదం" అంది ఆవిడ.

కాసేపటికి వాళ్ళ వ్యాను హారన్ కొట్టుకుంటూ బస్సుని దాటింది. ఎవరో కొత్త డ్రైవరు. పక్కన బావమరిది మూతి ముడుచుకుని, బస్సు వైపు చూడనైనా చూడలేదు.

"చూడకపోతే పోనీ" అని ఆయన మళ్ళీ లోయ వైపు తిరిగాడు.