పొగ చూసి నొక్కాలి

నేను ఒక స్టాప్‌వాచ్‌ని. స్టీలు ఒళ్లు, తెల్లటి ముఖం, నెత్తిన ఒక మీట. మనుషులు చిత్రమైనవాళ్లు. పెళ్లి ముహూర్తం దాటిన గంటకు వచ్చి నింపాదిగా భోంచేస్తారు గానీ, నూరు మీటర్ల పరుగు దగ్గరికి వచ్చేసరికి సెకనులో పదో వంతు కోసం కొట్టుకు చస్తారు. ఆ పదో వంతులు తేల్చడమే నా ఉద్యోగం.

పుట్టింది ఎక్కడో చలిదేశంలో. బతుకంతా నిజామాబాద్ జిల్లా ఆటల పోటీల్లోనే గడిచింది, డ్రిల్లు మాస్టరు గంగారాం సారు అరచేతిలో. మేం కొలువులో చేరిన ఏడాది జిల్లా రికార్డు పన్నెండు సెకన్లు. ఉత్త కాళ్లతో మట్టిలో పరుగెత్తే రోజులవి. స్పైకుల బూట్లు వచ్చాక పదకొండున్నర అయింది, ఆ తర్వాత పదకొండు పాయింట్ మూడు. రికార్డు తగ్గినప్పుడల్లా సారు నన్ను చొక్కా అంచుతో తుడిచి ముద్దు పెట్టుకునేవారు. నాకు గర్వంతో ఒళ్లు తెలిసేది కాదు.

అప్పుడే మేమొక తప్పు చేశాం.

ముగింపు గీత దగ్గర నిలబడే మాకు ఒకటే నియమం. అవతలి కొసన పిస్తోలు పేలితే పొగ చూసి నొక్కాలి. చప్పుడు మా దాకా వచ్చేసరికి సెకనులో మూడు పదో వంతులు గడిచిపోతాయి. ఆ రోజు సారు కంట్లో దుమ్ము పడింది, చప్పుడు విని నొక్కారు. సరిచూడ్డానికి మిగతా ఇద్దరు టైమ్‌కీపర్లూ రానే లేదు. సాయన్న అనే యువకుడు గీత దాటాడు. అసలు పరుగు పదకొండు పాయింట్ రెండు, నా ముల్లు చూపింది పది పాయింట్ తొమ్మిది. తప్పు చెప్పాలని సారు నోరు తెరిచారు. అంతలోనే జనం సాయన్నను భుజాలకెత్తుకుని డప్పులు కొట్టారు. సారు తెరిచిన నోరు మూసుకున్నారు.

పంతొమ్మిదేళ్లు ఆ అబద్ధం బోర్డు మీద నిలిచింది. పదకొండు పాయింట్ ఒకటిలో, పదకొండులో వచ్చినవాళ్లు నిజంగా రికార్డు కొట్టి కూడా తలలు దించుకుని బస్సెక్కారు. ప్రతిసారీ సారు చేతి చెమటకు నేను తడిసిపోయేదాన్ని.

సారు రిటైరయ్యే ఏడాది లింబాద్రి అనే కుర్రాడు పరుగుకు వచ్చాడు. వాణ్ణి తయారుచేసిన కోచ్ ఎవరనుకున్నారు, ఆ సాయన్నే. సారు బొటనవేలు నా మీట మీదికి చేరింది. కాస్త ఆలస్యంగా నొక్కితే చాలు, దొంగ రికార్డు దొంగదెబ్బతోనే పోతుంది. నేను ఊపిరి బిగబట్టాను. పొగ లేచింది. సారు నొక్కారు. చప్పుడు ఆ తర్వాత వచ్చింది!

లింబాద్రి ఛాతీ దారాన్ని తెంపింది. ఒక వాచీ పది పాయింట్ తొమ్మిది, ఇంకొకటి పది పాయింట్ ఎనిమిది, నేనూ పది పాయింట్ ఎనిమిదే. మూడింట్లో రెండు ఒకటైతే అదే లెక్క. గెలిచాం!

సారు మైకు అందుకున్నారు. "పందొమ్మిదేండ్ల కింద నేను తప్పు జేసిన. పొగ సూడలే, సప్పుడు ఇని నొక్కిన. నడుమ ఉరికినోళ్లకు అన్యాలం జేసిన. మన్నించుండ్రి."

సాయన్న దగ్గరికొచ్చాడు. "నాకు ఎప్పుడో ఎరుకైంది సార్. మల్ల ఎన్నడన్న గంత జోరు ఉరికిన్నా నేను? గా రికార్డు కూలాల్ననే లింబాద్రిని తయారు జేసిన."

ఇద్దరూ కావలించుకుని ఏడ్చారు. మధ్యలో నేను హాయిగా నలిగిపోయాను. మర్నాడు బోర్డు మీద ఆ తలదించుకున్నవాళ్ల పేర్లన్నీ వరసగా ఎక్కాయి.

ఇప్పుడు కరెంటు గడియారాలు వచ్చాయి. నేను స్టేడియం ఆఫీసు అద్దాల బీరువాలో ఉన్నాను. ఆ రోజు తర్వాత సారు నన్ను సున్నాకు తిప్పలేదు, నా ముల్లు పది పాయింట్ ఎనిమిది మీదే ఆగి ఉంది. పది పాయింట్ ఐదులో పరుగెత్తే ఇప్పటి పిల్లలు నా ముల్లు చూసి, "గింతేనా!" అని నవ్వుతారు. నవ్వనివ్వండి. అందులో ఒక్క పదో వంతు కూడా నేను ఊరికే ఇచ్చింది కాదు.