ఒకే కోత

టీ గిన్నె అంచుదాకా నిండింది. ఆవిరి కనిషాయ్ ముఖానికి తగిలింది... పాలూ ఉప్పూ వేసి మరిగించిన టీ వాసన.

చేయి చాపలేదు. నిండు గిన్నె ఇస్తే ఇక వెళ్ళమని అర్థం; ఉండమనేవాళ్లకు గుక్కెడే పోస్తారు.

"ఇంత నిండుగా పోశావేం బూరుల్? తాగేసి వెళ్ళిపొమ్మనా?"

తోడికోడలు నాలుక కరుచుకుంది. "అయ్యో, చూసుకోలేదక్కా. పాలు పొంగుతుంటే అటు తిరిగాను."

"చుట్టాలకైతే గుక్కెడు గుక్కెడు పోస్తావు. నా దగ్గరే చూపు తప్పుతుంది."

"ఒక్క గుక్క ఎక్కువైతే ఇంత రాద్ధాంతమా! ఇక మీ టీ మీరే పోసుకోండి."

అంతే.

ఒక్క గుక్క టీ. పదకొండు రోజుల మౌనం.

అత్తగారి ఇల్లు చిన్నకొడుకుది, అంటే బూరుల్ మొగుడిది. అది ఆనవాయితీ. పెద్దకొడుకులు ఎప్పుడో ఒకప్పుడు వేరుపడి వెళ్ళాల్సిందే. వాగు అవతల కనిషాయ్ వాళ్ల ఇల్లు రెండేళ్లుగా సిద్ధంగానే ఉంది. గొళ్లెం తీయనిది ఆమే.

బూరుల్ రాకముందు ఈ ఇంట్లో కనిషాయ్ వేరే తోడు లేక గొర్రెలతో మాట్లాడేది.

కొండ మీద నుంచి గాలి దిగుతోంది. తడి ఉన్ని వాసన. వేసవంతా ఇద్దరూ తొక్కి, దొర్లించి, పాడుతూ గట్టిపరిచిన రెండు ఉన్ని పలకలు... ఒకటి ఎరుపు, ఒకటి గోధుమ.

ఒకదాని మీద ఒకటి పరవాలి. సుద్దతో పొట్టేలు కొమ్ములు గీయాలి. రెంటినీ ఒకే కత్తితో కోయాలి. ఎర్ర కొమ్ము గోధుమలోకి, గోధుమ కొమ్ము ఎరుపులోకి.

రెండు తివాచీలు. ఒకే కోత.

ఎర్రది బూరుల్‌ది. గోధుమది తనది.

గీసేది ఎప్పుడూ బూరులే. ఈసారి మాట లేకుండా గీసి వెళ్ళిపోయింది.

గీత బాగుంది. ఎంత బాగుందో! తన మీద కోపంతో కూడా అంత బాగా గీయగలిగింది... అక్కడే మండింది కనిషాయ్‌కి.

చివరి కొమ్ము దగ్గర మణికట్టు తిప్పింది.

కొన తెగింది. కింద తనదీ తెగింది.

కింద తనది ఉందని మరిచిపోయిందా? లేదు. తొమ్మిదేళ్లుగా కోస్తున్న చేయి అది. తనది పోయినా సరే, ఆమెది పోవాలి. బూరుల్ పరుగెత్తుకొచ్చి అరవాలి. తిట్టాలి. ఏదో ఒకటి అనాలి...

బూరుల్ వచ్చింది. చూసింది. ముక్కలన్నీ మడిచి పక్కన పెట్టింది.

పాలు పితకడానికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కనిషాయ్ భర్త ఎసెన్ గొంతు సవరించుకున్నాడు. వెళ్ళిపోదామని పది రోజులుగా అతన్ని పోరుపెట్టింది కనిషాయే. "అమ్మా, మంచు పడకముందే మా ఇంటికి వెళ్ళిపోతాం. రేపే సామాను కడతాం."

అత్తగారి చేతిలో రొట్టె ఆగింది.

బూరుల్ తల ఎత్తలేదు.

ఒక్క మాట. ఉండక్కా అని ఒక్క మాట...

రాలేదు.

"రేపు ఎవరూ ఏమీ కట్టరు," అంది కనిషాయ్. తన గొంతు తనకే కటువుగా వినిపించింది. "ఆ కొమ్ము నేనే పాడుచేశాను. కావాలనే. అతుకు నేనే వేస్తాను. రెండు తివాచీలూ పూర్తయ్యేదాకా ఇక్కణ్ణుంచి కదలను. నన్ను పంపించేద్దామనుకుంటే కుదరదు."

"రెండు చలికాలాలు పడుతుందే తల్లీ," అంది అత్తగారు.

"పట్టనీండి."

గాలికి తలుపు కొద్దిగా తెరుచుకుంది... మూయడానికి బూరుల్ లేచింది. మూసి వచ్చి, కనిషాయ్ గిన్నెలో గుక్కెడు టీ పోసింది.