అక్క అల్లుతున్న కుర్చీ

అక్కది ఎడమచేతి వాటం. జమ్ము గడ్డికి ఆమె పెట్టే పురి కూడా ఎడమవైపే తిరిగేది. కుర్చీలు అల్లుకుని బతికే ఆ ఇంట్లో ఏ వరస ఎవరిదో కళ్ళు మూసుకుని తడిమినా తెలిసిపోయేది.

పోయిన కోతల్లో జమ్ము కోయడానికి మడుగులో దిగిన అక్క మళ్ళీ పైకి రాలేదు. మనిషీ దొరకలేదు, కొడవలీ దొరకలేదు. అమ్మ కోసమని మొదలుపెట్టిన కుర్చీ మాత్రం పనిగది మూలన మిగిలిపోయింది. అంచుల నుంచి లోపలికి అల్లుకుంటూ వచ్చిన అల్లిక, నడుమ పళ్ళెమంత కన్నం దగ్గర ఆగిపోయింది.

ఒకరోజు పొద్దున చెల్లెలు చూసేసరికి ఆ కన్నం కాస్త చిన్నదైంది. కొత్త వరస పచ్చిగా, తడితడిగా ఉంది. పురి ఎడమవైపు. ఇంట్లో ఉన్న జమ్మంతా ఎండిపోయి నెలలైంది.

చట్రాలు తెచ్చే వడ్రంగి బాబాయికి చూపిస్తే పకపకా నవ్వాడు.

"మీ ఇంట్లో ఎలుకలక్కూడా పనొచ్చేసిందే! కూలి అడక్కముందే తరిమెయ్."

నవ్వుతూనే ఆ వరసను వేలితో తడిమాడు. ఎడమ పురి తగలగానే వేలు వెనక్కి లాక్కున్నాడు. తెచ్చిన చట్రాలు గుమ్మంలోనే దించేసి వెళ్ళిపోయాడు.

"అమ్మా, నువ్వేనా?" అని అడిగితే అమ్మ కొంకర్లు పోయిన వేళ్ళు చూపించింది.

"వీటితోనా? గ్లాసే పట్టుకోలేకపోతున్నా. మీ అక్కేనే. మాటిచ్చిందిగా! అవగానే కూర్చుంటా."

రోజుకో వరస పెరిగింది. ఇటు అమ్మ తిండి తగ్గింది, మంచం దిగడమూ మానేసింది. ముఖంలో మాత్రం ప్రయాణానికి సిద్ధమైన మనిషి కళ. కన్నం మూసుకుంటే అమ్మ కూర్చుంటుంది, కూర్చుంటే అక్క వెంటబెట్టుకుపోతుంది. ఆ సంగతి చెల్లెలికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అక్క మీద ఇన్నాళ్ళూ ఉన్న బెంగంతా కోపమైపోయింది. ఉన్న ఒక్క అమ్మా నీకే కావాలా?

మధ్యాహ్నం కత్తి పట్టుకుని కుర్చీ ముందు కూర్చుంది. కోసేద్దామంటే చెయ్యి రాలేదు. అక్క చేత్తో చేసింది ఆ ఇంట్లో ఇంకేం మిగిలింది గనక!

ఇద్దరూ కలిసి పనిచేసే రోజుల్లో అక్క పైన అల్లేది, చెల్లెలు కింద కూర్చుని పొరల మధ్య జమ్ము తుక్కు కూరేది. అక్క చట్రం మీద రెండుసార్లు కొడితే కూరమని. ఒక్కసారి కొడితే పక్కకు జరగమని. తుక్కు పడితేగాని అల్లిక ముగిసేది కాదు.

టక్, టక్.

చప్పుడు కుర్చీ కిందినుంచే వచ్చింది.

"వస్తున్నానే పెద్దదానా, నే కూరతాలే," అంది అమ్మ లోపలి గదిలోంచి. మంచం కిర్రుమంది. నేలమీద అడుగుల చప్పుడు మొదలైంది.

చెల్లెలు కత్తి పారేసి, ఒక్క ఉదుటున ఆ కుర్చీలో కూలబడింది. మడుగు బురద వాసన గుప్పుమంది. కన్నంలోంచి చల్లటి వేళ్ళు పైకి వచ్చి తడుముతున్నాయి. కేక గొంతులోనే నొక్కేసుకుంది.

"నువ్వు పడుకో అమ్మా. ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు."

అడుగులు ఆగాయి.

కింద, చట్రం మీద, ఒక్కసారి టక్‌మంది.

చెల్లెలు రెండు చేతులా కుర్చీని గట్టిగా పట్టుకుంది.

"జరగనక్కా," అంది మెల్లగా.