పాపాయమ్మ ఎదురొచ్చిన రోజు

పసుపు రాసిన పెళ్లిపీటల్ని అరుగు మీద ఎండకు పెట్టి, పాపాయమ్మ దొడ్డిదారిన లోపలికి వచ్చేసింది. యానాంలో పెళ్లి సామాను అద్దెకిచ్చేది ఆవిడే అయినా, తలుపు చాటు నుంచే బేరం. విధవ ఎదురొస్తే శుభకార్యం చెడుతుందని అత్తగారు నేర్పిన పద్ధతి అది.

పీటల్లో ఒకటి మరీ చిన్నది. ఇప్పుడెవరూ అడగరు. ఫ్రెంచివాళ్ల రోజుల్లో, అవతలి ఒడ్డున ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో బాల్యవివాహాలకు జైలని చట్టం వస్తే, జనం పిల్లల్ని చంకనేసుకుని గోదావరి దాటి ఈ ఊరికి ఎగబడ్డారు. ఆ పిల్లల కొలతకి చేయించిన పీట అది. ఐదేళ్ల పాపాయమ్మకు దానిమీదే, నిద్ర లేపి తాళి కట్టించారు. తొమ్మిదో ఏట తీసేశారు.

పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది మాఘమాసంలో ఓ ఉదయం జోగేశ్వరరావు అనే షావుకారు పన్నెండేళ్ల కూతురితో గోదావరి దాటించే పంటు దిగి వచ్చాడు.

“రేపు తెల్లారగట్ల మా ప్రసన్నకుమారి పెళ్లండి. మగపెళ్లివారు సాయంత్రం పంటుకి వస్తారు. మా అమ్మ మంచాన పడిందండి, మనవరాలి పెళ్లి కబురు విని పోతానంటోంది. ఆవిడ పెళ్లీ ఇక్కడేనండి.”

“ఫ్రెంచివాళ్లు ఎప్పుడో పోయారండి. ఇప్పుడు ఇక్కడా అదే చట్టం.”

“భలేవారే! ఇక్కడ పెట్రోలు ధర వేరు, బ్రాందీ ధర వేరు. పెళ్లి చట్టం ఒక్కటే ఎలా అవుద్దండి?”

షావుకారు లెక్క మరి.

“నేనివ్వనండి,” అంది పాపాయమ్మ.

పిల్లని అరుగు మీదే వదిలి ఆయన పురోహితుణ్ణి వెతుక్కుంటూ పోయాడు. ప్రసన్నకుమారి చిన్నపీట ముందుకు లాక్కుని, దానిమీద అచ్చనగాయలు ఆడటం మొదలుపెట్టింది.

“ఏం చదువుతున్నావమ్మా?”

“ఏడోదండి. ఏప్రిల్లో పబ్లిక్ పరీక్షలు. పెళ్లయినా రాయనిస్తారాండీ?”

పాపాయమ్మకు ఒళ్లు మండిపోయింది. వీధి తలుపు బార్లా తీసి బయటికి నడిచింది. ఊళ్లోని దొడ్డిదారులన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. జోగేశ్వరరావుకన్నా ముందే పురోహితుడి వీధికి చేరింది.

జోగేశ్వరరావు వచ్చి పిలిస్తే పురోహితుడు పంచాంగం పట్టుకుని గుమ్మం దిగగానే, బోసినుదురుతో తిన్నగా ఎదురొచ్చింది. ఆయన వెనక్కి వెళ్లి కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాడు. మళ్లీ ఆవిడే. ఇంకోసారీ ఆవిడే అయ్యేసరికి, తనవల్ల కాదని తలుపేసుకున్నాడు. రెండో పురోహితుడి గుమ్మంలోనూ ఇదే తంతు.

“ఏంటండీ ఇది! ఆడపిల్ల పెళ్లికి ఇలా ఎదురొస్తారా? పాపం కదండీ!” అన్నాడు జోగేశ్వరరావు, దాదాపు ఏడుస్తూ.

“మీరెన్ని గుమ్మాలెక్కితే అన్నింటికీ వస్తానండి. ఇన్నేళ్లూ దాక్కున్నాను. ఇవాళ పనికొచ్చాను.”

సాయంత్రం మగపెళ్లివారు ఈ సంగతి విని పంటు దిగనే లేదు. జోగేశ్వరరావు కూతురి చెయ్యి పట్టుకుని, తిట్టుకుంటూ అదే పంటెక్కాడు. అవతలి ఒడ్డుకి సాగిపోతున్న పంటు మీంచి పిల్ల చెయ్యి ఊపింది. పాపాయమ్మకు సంతోషంతో ఏడుపొచ్చింది. ఇక ఊళ్లో ఎవరూ తన పీటలు అడగరని ఆవిడకి తెలుసు. అడక్కపోతే పోనీ అనుకుంది.

ఇంటికొచ్చి వీధి గుమ్మంలోంచే పీటలన్నీ లోపల పెట్టింది. చిన్నపీట ఒక్కటే మిగిలింది. దానిమీద ప్రసన్నకుమారి మరిచిపోయిన అచ్చనగాయల రాళ్లు ఎండకి ఇంకా వెచ్చగానే ఉన్నాయి.