బుడిపెలు లేని వేళ్లు

ఆ ఉదయం జీవన ఎరువుల పరీక్షగదిలో ఎప్పటిలాగే పని మొదలైంది. తెల్లకోటు తొడుక్కున్న ఒకావిడ గాజుపళ్లేలను ఒక్కొక్కటే వెలుతురుకెత్తి చూస్తోంది. పక్కగదిలో నల్లటి పొడి పొట్లాలను అట్టపెట్టెల్లోకి సర్దుతున్నారు. చూసేవారికి అక్కడ వంక పెట్టడానికేమీ కనిపించదు.

ఆ పొడిలో కంటికానని సూక్ష్మజీవులుంటాయి. శనగ విత్తనాలకు పట్టించి విత్తితే అవి వేళ్లలో చేరి, చిన్న చిన్న బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి. యూరియా అవసరం చాలావరకు తప్పుతుంది. కాని అవి ప్రాణమున్నవి, వేడికి చస్తాయి. ఆ ఏడు గోదాములో చల్లబరిచే యంత్రం పాడై, రేకుల కప్పు కింద పొట్లాలు పదకొండు రోజులు ఉడికిపోయాయి. బతికున్న జీవులు పెరిగి తెల్లటి చుక్కలుగా కిక్కిరిసి ఉండవలసిన పళ్లేలలో నాలుగో అయిదో మిగిలాయి.

ఆవిడ పైఅధికారి దగ్గరికి వెళ్లింది.

"సార్, ఈ సరుకు పనికిరాదు. దాదాపు అన్నీ చచ్చిపోయాయి."

ఆయన కాగితాల మీంచి తలెత్తలేదు. "విత్తే అదను ముంచుకొచ్చిందమ్మా. ఇప్పుడు కొత్త సరుకు ఎక్కణ్ణుంచి తెస్తాం? విషమేం కాదుగా. మంచిదని ముద్ర వేసెయ్."

"రైతులు అడిగితే?"

"ఇరవయ్యేళ్లుగా చూస్తున్నా. వేరు పీకి చూసినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు."

ఆవిడ తిరిగొచ్చి ముద్ర వేసింది. విషం కాదుగా అని తనకు తానే చెప్పుకుంది.

ఆవిడ అన్నయ్య రైతు. ఈ పొడి వాడమని మూడేళ్లుగా అతని వెంటపడింది ఆవిడే. ఆ ఏడు అతను చెల్లెలికి చెప్పకుండా దుకాణంలో పొట్లాలు కొని, ముద్ర చూసుకుని, యూరియా పూర్తిగా మానేశాడు. విత్తిన నలభయ్యో రోజున ఫోను చేశాడు.

"అమ్మాయ్, ఓసారి రా. చేనంతా కామెర్లొచ్చినట్టుంది."

ఆవిడ వెళ్లింది. పారతో నాలుగుచోట్ల మొక్కలు తవ్వి, బకెట్ నీళ్లలో వేళ్లు కడిగింది. ఎలుక తోకల్లా నున్నగా ఉన్నాయి. ఒక్క బుడిపె లేదు.

అన్నయ్య పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నాదే తప్పేమో. పొడి అంటించే బెల్లం నీళ్లు పల్చగా కలిపానా? విత్తనం నీడలోనే ఆరబెట్టానే! చదువుకున్నదానివి, ఎక్కడ పొరపాటు చేశానో చెప్పు."

"పొట్లం మీదున్నది నేను చదువుతుంటే ఒక్కొక్కటీ అలాగే చేశారు," అంది వదిన.

నేల గుణమని ఒక్క మాట అంటే చాలు, వాళ్లు నమ్మేవారు. ఆ మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. అన్నయ్య ముఖం చూశాక బయటికి రాలేదు.

"తప్పు నీది కాదన్నయ్యా. ఆ పొట్లాల్లో ప్రాణం లేదు. నాకు తెలుసు. తెలిసే ముద్ర వేశాను."

అన్నయ్య లేచి గట్టు వెంట వెళ్లిపోయాడు. వదిన మాత్రం నిలబడింది.

"ఆ పొడి మీ అన్నయ్య పొలానికొస్తుందని తెలిస్తే ముద్ర వేసేదానివా అమ్మాయ్?"

ఆవిడ కడిగిన వేళ్లను కొంగులో మూటకట్టుకుంది.

తరువాత ఆవిడ జరిగింది జరిగినట్టు రాసి కార్యాలయంలో ఇచ్చింది. ఉద్యోగం పోయింది. పైఅధికారికి వేరేచోటికి బదిలీ అయింది, అంతే. ఆలస్యంగా చల్లిన యూరియా చేనును నిలబెట్టలేకపోయింది. ఆ ఏడు కాయకన్నా పొట్టే ఎక్కువ. మరుసటి ఏడాది మంచి పొట్లాలొచ్చాయి. వాటిని ఎవరూ ముట్టలేదు. అందరూ యూరియాకే వరస కట్టారు, అన్నయ్యతో సహా.

ఆవిడ రైతు సంఘం గదికి వెళ్లి, అందరిముందూ తన తప్పు ఒప్పుకుని, "ఈసారి సరుకు నిజంగా మంచిది, ఒక్క సాలైనా వేసి చూడండి," అని చేతులు జోడించింది. సంఘం పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు చెప్పేది నిజమే కావచ్చు తల్లీ. కాని మేమేమన్నా లోపలున్నది చూడగలమా? మాకు కనిపించేది మీరేసే ముద్రొక్కటే. తెలిసినవాళ్లు ఒక్కసారి అబద్ధానికి ముద్రేస్తే, ఆ తర్వాత నిజాన్ని తెచ్చి చేతిలో పెట్టినా తీసుకునేవాడుండడు."