కొండ చదువు

నాయిర్ ఇంకా కాలేజీ మెట్లెక్కకముందే ఉటువాదో కొండల్లో ఆమెకు డాక్టరమ్మ అని పేరు పడిపోయింది. ఆ పేరు పెట్టింది వాళ్లమ్మ మిగ్డాలియా. రోడ్డు పక్క కొట్లో మాంసం కూరిన పాస్తెలీయోలు వేయిస్తూ, తినడానికొచ్చిన ప్రతివాడికీ "మా డాక్టరమ్మ" అని చెప్పుకునేది. పక్కింటి ఎల్పిడియో తాత అయితే, పిల్లకు అప్పుడే తన మోకాలు చూపించడం కూడా మొదలుపెట్టాడు.

తీరా చూస్తే, రియో పియెద్రాస్‌లోని కాలేజీలో మొదటి ఏడు రకరకాల క్లాసులు రుచి చూస్తుండగా పిల్ల మనసు భూగర్భశాస్త్రం మీద పడింది. జీవశాస్త్రం చేదేమీ కాదు. కానీ రాళ్ల క్లాసున్న రోజు మాత్రం అలారం మోగకముందే లేచి కూర్చునేది. ఇక ఏదో ఒక చదువు తేల్చుకోమని కాలేజీవాళ్లు అడిగేసరికి, ఇంటికి ఫోన్ చేసి భయపడుతూనే చెప్పేసింది.

"మట్టి చదవడానికి అంత దూరం దేనికే? మన పెరడు చాలదూ?" అంది మిగ్డాలియా.

"అమ్మా, ఒక్కసారి విను..."

"విన్నాను. చాలు."

"సరే. దీవించమ్మా," అంది నాయిర్. అక్కడ పెద్దవాళ్లను పలకరించినా, వాళ్ల దగ్గర సెలవు తీసుకున్నా ఆ మాట అనాల్సిందే. 'దేవుడు చల్లగా చూడాలి' అని వాళ్లు బదులివ్వాల్సిందే. ఎంత గొడవపడ్డా మిగ్డాలియా ఏనాడూ ఆ బదులు ఎగ్గొట్టలేదు. ఆ రోజు మాత్రం ఫోన్ పెట్టేసింది.

అమ్మ దీవెన లేకుండా చదువేం తలకెక్కుతుంది? శనివారం నాయిర్ బస్సెక్కి వచ్చేసింది. గుమ్మంలోనే "దీవించమ్మా" అంది.

"చేతులు కడుక్కో," అంది తల్లి. కంచంలో మాత్రం కందులన్నం గుట్టగా పెట్టింది. పిల్లకిష్టమని అడుగంటిన మాడు కూడా గీరి వేసింది. కోపమైతే ఉంది కానీ, పిల్ల ఆకలి మీద తీర్చుకునే మనిషి కాదు.

నాయిర్ రెండు చెంచాలు తిందో లేదో మిగ్డాలియా ఉండబట్టలేకపోయింది. "మీ నాన్న నా ఒళ్లోనే పోయాడే. ఈ ఇంట్లో ఒక్క డాక్టరుంటే గుండెనొప్పికి అలా పోయేవాడా? అందుకేగా నిన్ను..."

నాయిర్ చెంచా కింద పెట్టింది. "డాక్టరు ఉన్నాడమ్మా. ఆసుపత్రిలోనే ఉన్నాడు. కొండ విరిగిపడి రోడ్డు మూసుకుపోయింది. మనకి లేనిది దారి. మన కొండల్లాంటివి ఎందుకు జారతాయో క్లాసులో చెబుతుంటే అందరూ రాసుకున్నారు, నేను ఏడ్చాను. కొండలోకి ఇంకే వాన నీళ్లు ఎటు పోతున్నాయో ఎవరూ చూడలేదమ్మా. నేను చూస్తాను."

మిగ్డాలియా లేచి గిన్నెలు తోమింది. తోమిన గిన్నే మళ్లీ తోమింది.

మర్నాడు నాయిర్ బయల్దేరుతుంటే ఎల్పిడియో తాత కుంటుకుంటూ వచ్చాడు. "డాక్టరమ్మా, ఈ మోకాలు..."

"మోకాలు ఆసుపత్రిలో చూపించుకో," అంది మిగ్డాలియా. "మీ ఇంటి వెనక గట్టు బీటలిచ్చిందన్నావుగా, అది చూపించు. మా పిల్ల చదివేది అదే."

తాత తెల్లబోయాడు. నాయిర్ సంచీ కింద పెట్టి అమ్మవైపు తిరిగింది. దీవించమని అడగబోయింది. అడక్కుండానే తల్లి ఆమె తల మీద చెయ్యి వేసింది.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ. వెళ్లు, చూసిరా."