ఆడవాళ్ళ బాత్రూం తాళంచెవి

టౌన్స్‌విల్ ఊళ్ళో ఒక హోటలు కడుతున్న సైటులో ఆడవాళ్ళకని ఒక బాత్రూం ఉంది. దాని నిండా రంగు డబ్బాలూ డ్రిల్లు మిషన్లూ పడేశారు. తాళంచెవి సూపర్‌వైజర్ డేరిల్ నడుముకి వేలాడుతూ ఉంటుంది. కావలసినవాళ్ళు అందరి ముందూ వెళ్ళి అడగాలి.

చేరిన మూడో రోజే కెజియా వచ్చి మేస్త్రి నోలీన్ దగ్గర మొరపెట్టుకుంది. సెంట్రింగ్ పని నేర్చుకుంటున్న పందొమ్మిదేళ్ళ పిల్ల, నోలీన్ పుట్టిన దీవి పిల్లే.

"ఆంటీ, నిన్న తాళం అడిగితే వాడేమన్నాడో తెలుసా? 'మళ్ళీనా? ట్యాంకుకి చిల్లు పడిందా తల్లీ?' అన్నాడు. అందరూ ఒకటే ఇకిలింపు. నువ్వు మేస్త్రివి కదా, పొద్దున మీటింగులో ఒక్క మాట అనవా?"

నోలీన్‌కి ఒళ్ళు మండింది. ఆ మంటని మింగడం ఆమెకి ఇరవై రెండేళ్ళ అలవాటు. ఆ కంపెనీలో మేస్త్రి అయిన మొదటి ఆడమనిషి ఆమే. ఏప్రిల్‌లో డేరిల్ వేరే సైటుకి పోతున్నాడు, ఆ కుర్చీ నీదేనని మేనేజరు చెవిలో వేశాడు కూడా.

"అంటే ఏమవుతుందే? ఇద్దరం ఏడుపుగొట్టు మొహాలమవుతాం. నేను చేసినట్టు చెయ్యి. పొద్దున్నించీ నీళ్ళు ముట్టకు. మూడింటికి ఇంటికెళ్ళి కడుపునిండా తాగు. నాలుగు రోజులు పోతే అలవాటైపోతుంది."

"అంతేనా ఆంటీ?"

"అంతే. నోరు మూసుకున్నవాళ్ళే ఇక్కడ మిగిలారు."

పిల్ల బుద్ధిమంతురాలు, చెప్పింది చెప్పినట్టు చేసింది. అక్కడ జనవరి అంటే నడివేసవి. ఆ ఎండలో నాలుగో అంతస్తు మీద చెక్కలు బిగిస్తూ, కళ్ళు తిరిగి కింది అంతస్తు ఇనప చువ్వల మీద పడింది. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు.

ఆసుపత్రికి కాగితం పట్టుకెళ్ళమని మేనేజరు నోలీన్‌కే పురమాయించాడు. ఆడదానికి ఆడది చెబితే వింటుందట. సైటులో సౌకర్యాలన్నీ ఉన్నాయనీ, నీళ్ళు తాగకపోవడం తన అశ్రద్ధేననీ కెజియా ఒప్పుకుంటున్నట్టు రాసి ఉంది అందులో. సంతకం తేకపోతే ఆ కుర్చీ సంగతి మరిచిపొమ్మని వేరే చెప్పక్కర్లేదు.

దారిపొడుగునా నోలీన్ ఒకటే కోరుకుంది. ఆ పిల్ల కాగితం చింపి తన మొహాన కొట్టాలి, నోటికొచ్చినట్టు తిట్టాలి. అప్పుడు తనూ నోరు విప్పొచ్చు. ఎంత పిరికిదో చూడండి, ఆ ధైర్యం కూడా మంచాన పడ్డ పిల్లే అరువివ్వాలి!

కెజియా కాగితం నిదానంగా చదివింది.

"నీ పేరెక్కడా లేదుగా ఆంటీ?"

"లేదు."

"హమ్మయ్య. నీళ్ళు తాగొద్దని ఎవరు చెప్పారని గుచ్చిగుచ్చి అడిగారు. నేను నోరు విప్పలేదు."

కెజియా ఎడంచేత్తో పెన్ను అందుకుంది. ఒత్తిపట్టే రెండో చెయ్యి లేక కాగితం దుప్పటి మీద జారిపోతోంది.

"కాస్త పట్టుకోవా ఆంటీ?"

నోలీన్ కాగితం కదలకుండా పట్టుకుంది.